ఒంటరి గుండీల సీసా

పోయినవారం మన పిచ్చుకను ఇనుప మెట్ల మీద ఏడుస్తుండగా వదిలేసి, కళ్ళు తుడుచుకోవడానికి రుమాలైనా ఇవ్వకుండా మన దారిన మనం వచ్చేశాం. ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. కొత్తగా వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో సంగతి చెప్పేస్తాను. పాతవాళ్ళు విసుక్కోకండి, మీకూ సగం మరుపొచ్చే ఉంటుంది.

పిచ్చుక అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఇంకెక్కడా పనికిరాదు. తనకు ఐదేళ్ళప్పుడు, ఒక వాన మధ్యాహ్నం, వాళ్ళమ్మ ఇంట్లోంచి వెళ్ళి మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ పిన్నే పెంచింది. ఇప్పుడు పిచ్చుకకు ఇరవై తొమ్మిది. 'తోడు' అనే యాప్‌కు ప్రోగ్రాములు రాస్తుంది. ఒంటరిగా ఉండేవాళ్ళు తమ ఇష్టాలన్నీ జాబితాగా అందులో రాసుకుంటారు. ఎవరి జాబితా ఎవరిదానితో ఎక్కువగా కలిస్తే వాళ్ళను అది ఒకరికొకరిని చూపిస్తుంది. మూడు నెలల క్రితం పిచ్చుక గుట్టుచప్పుడు కాకుండా, 'ఎండ' అనే మారుపేరుతో తనూ ఒక జాబితా పెట్టింది. అందులో తన ఇష్టాలు ఒక్కటీ లేవు. అన్నీ అమ్మవే. ఐదేళ్ళ బుర్రకు గుర్తున్నవి పదమూడు, అందులో టీ, నడక తీసేస్తే పదకొండు.

ఆ పదకొండూ మామూలు మాటలు కావు. వాళ్ళమ్మ లోకంలోని వస్తువులకు తనే పేర్లు పెట్టుకునేది. కళ్ళద్దాలు తీసేసి చూస్తే వీధి దీపాలు గుండ్రంగా విచ్చుకుంటాయే, అవి 'దీపాల పూలు'. తడి గొడుగును గుమ్మం పక్కన ఆనిస్తే కింద చేరే నీళ్ళు 'గొడుగు చెరువు'. ఇనుప మెట్ల మీద చినుకుల చప్పుడు 'మెట్ల వాన'. పనున్న రోజున హాయిగా ఎగ్గొట్టి ఇంట్లో దుప్పటి కప్పుకుంటే అది 'దొంగ ఆదివారం'. ఇవి ఇంకెవరి నోటా రావు. ఎక్కడో ఉన్న అమ్మ ఎప్పుడో ఒకప్పుడు ఈ యాప్‌లోకి వచ్చి ఈ మాటలు రాయకపోతుందా అని ఆ పిల్ల ఆశ. పిచ్చి ఆశే అనుకోండి. అయినా ఇరవై నాలుగేళ్ళ తర్వాత అంతకంటే తెలివైన ఆశ ఎక్కణ్ణుంచి వస్తుంది?

మూడు నెలల్లో యాప్ ఆమెకు చూపించింది టీ ఇష్టమైనవాళ్ళనీ, నడక ఇష్టమైనవాళ్ళనీ. వాళ్ళు వేలల్లో ఉన్నారు. మిగతా పదకొండింటికీ ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఈలోగా యాప్‌లో జనం నలభై వేలకు పెరిగారు. ప్రోగ్రాము నత్తనడక పట్టింది. జాబితా రాసి నొక్కితే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, నాలుగు నిమిషాలు. ఎవరికుంది అంత ఓపిక? వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోతున్నారు. ఆఫీసు పెద్ద, మెడలో స్టాప్‌వాచ్ వేలాడేసుకుని మనుషులు టీ తాగే సమయం కూడా కొలుస్తాడు కాబట్టి అందరూ ఆయన్ను స్టాప్‌వాచ్ సారంటారు, పొద్దున్నే వచ్చి తేల్చి చెప్పేశాడు. ఈరోజు సాయంత్రం నాలుగింటికల్లా ఆ చక్రం ఒక్క సెకండులో ఆగాలి. ఆగకపోతే 'తోడు' మూసేస్తారు, జాబితాలన్నీ తుడిచేస్తారు. అమ్మ కోసం పిచ్చుక వేసిన ఒకే ఒక్క వల అది. అదీ తెగిపోతుందని ఆ పిల్ల ఆఫీసు మెట్లెక్కలేక కూలబడింది.

సరే, ఇక రండి. పదకొండున్నరయింది. సన్నగా తుంపర పడుతోంది.

మెట్ల కింద ఒక గుండీల దుకాణం ఉంది. గుండీలాయన తలుపు సందులోంచి తొంగి చూశాడు.

"ఏం అమ్మాయ్, ఆ మెట్టు అరిగిపోతుంది గానీ లోపలికొచ్చి కూర్చో. ఏడ్చేదేదో తడవకుండా ఏడువు."

పిచ్చుకకు ఏడుపులోనే నవ్వొచ్చింది. లేచి లోపలికి వెళ్ళింది. రెండేళ్ళుగా ఆ దుకాణం ముందు నుంచే వెళ్తోంది గానీ ఎప్పుడూ లోపల అడుగు పెట్టలేదు. నేల నుంచి కప్పు దాకా నాలుగు గోడలూ చిన్నచిన్న సొరుగులే. ప్రతి సొరుగు ముఖానా ఒక నమూనా గుండీ కుట్టి ఉంది. కిటికీలోంచి వచ్చే వాన వెలుతురు వాటి మీద పడి, గది నిండా ఎవరివో కళ్ళు మెల్లగా తెరుచుకుంటున్నట్టుంది. ఎక్కడో గడియారం కొట్టుకుంటోంది గానీ ఏ గోడకుందో తెలియడం లేదు. పిచ్చుక ఒక ఎత్తు పీట మీద కూర్చుని, తనెందుకు వచ్చిందో కాసేపు మర్చిపోయింది.

అంతలో ఒకావిడ హడావుడిగా వచ్చింది. కోటుకు రెండో గుండీ ఊడిపోయింది. "దీనికి జత ఉందా? నాకు బస్సు టైమైపోతోంది," అంది మొదటి గుండీ చూపిస్తూ.

గుండీలాయన దాన్ని ఒక్కసారి వేలితో తడిమాడు. నాలుగు బెజ్జాలు, ముదురు తేనె రంగు, అంచున గీత. తిన్నగా ఎడమ గోడ దగ్గరకెళ్ళి, పైనుంచి ఏడో వరుసలో ఒక సొరుగు లాగి, గుండీ తీసి చేతిలో పెట్టాడు. ఆవిడ వచ్చిన తలుపు మూసుకునే లోపల మళ్ళీ వెళ్ళిపోయింది.

పిచ్చుక నోరు తెరుచుకుని చూస్తోంది.

"బాబాయ్, ఇక్కడెన్ని గుండీలుంటాయి?"

"లక్షో, రెండు లక్షలో. లెక్కపెడుతూ కూర్చుంటే అమ్మేదెప్పుడు?"

"మరి అన్నిట్లోంచీ అదొక్కటే ఎలా పట్టేశావు?"

"అన్నిట్లో ఎందుకు వెతుకుతానమ్మా, నాకేమైనా పిచ్చా?" గుండీలాయన ముక్కున వేలేసుకున్నాడు. "సరుకు వచ్చిన రోజే ఏ గుండీ ఆ సొరుగులో పడిపోతుంది. ఒక్కసారి సర్దుకుంటే అయిపోయింది. తర్వాత ఎవరు ఏ గుండీ తెచ్చినా తిన్నగా దాని సొరుగే లాగుతాను. ఉంటే ఉంది, లేకపోతే లేదు. మిగతా సొరుగుల జోలికి నేనెందుకు పోతాను?"

పిచ్చుక పీట మీదనుంచి లేచి నిలబడింది.

తన ప్రోగ్రాము చేస్తున్నదేమిటి? ఒక మనిషి జాబితా తీసుకుని, అందులో మొదటి ఇష్టాన్ని పట్టుకుని, నలభై వేలమంది జాబితాల్లోని ప్రతి ఇష్టం పక్కనా పెట్టి చూస్తోంది. ఇది అదేనా? కాదు. ఇది? కాదు. మొత్తం అయ్యాక రెండో ఇష్టం పట్టుకుని మళ్ళీ మొదట్నుంచీ. గుండీలాయన గనక అలా చేస్తే ఆ కోటావిడ మనవరాలికి పెళ్ళయ్యే దాకా ఇక్కడే నిలబడాలి.

"సొరుగులు కట్టాలి," అంది పిచ్చుక తనలో తను. "మనుషులకు కాదు, ఇష్టాలకు. ఒక్కో ఇష్టానికి ఒక్కో సొరుగు. అందులో అది నచ్చినవాళ్ళ పేర్లు. ఎవరైనా ముప్ఫై ఇష్టాలు తెస్తే ముప్ఫై సొరుగులు లాగితే సరి. ఏ పేరు ఎక్కువ సొరుగుల్లో కనిపిస్తే వాళ్ళే తోడు!"

"నాకేం అర్థం కాలేదు గానీ ముఖం మాత్రం వెలిగింది," అన్నాడు గుండీలాయన సంతోషంగా.

పిచ్చుక పరుగెత్తబోయి, బల్ల మీదున్న ఒక పెద్ద గాజు సీసా దగ్గర ఆగిపోయింది. నిండా గుండీలు. పచ్చవి, ఎర్రవి, చేప ఆకారంవి, ఒకటి చిన్న చంద్రుడిలా. ఏ రెండూ ఒక్కలా లేవు.

"ఇవేంటి బాబాయ్?"

"ఒంటరివి. దేనికీ జత లేదు."

"మరి పారెయ్యవెందుకు? చోటు దండగ కదా?"

"పారేస్తే ఎలాగమ్మా?" గుండీలాయన సీసాను కాస్త తన వైపుకు జరుపుకున్నాడు, పిల్లని దగ్గరకు తీసుకున్నట్టు. "జత లేదంటే ఇవాళ లేదని. రేపెవరో దీని జోడు పట్టుకుని వస్తారు. నిన్ననే ఊడ్చి పారేశానని చెప్పనా? ఆ రెండోది కూడా ఒంటరిదే అయిపోతుంది. అప్పుడు దాన్నీ పారేస్తాను. ఇంక ఆ రెండూ ఎప్పుడు కలవాలి?"

పిచ్చుక సీసా మీంచి చెయ్యి తీసేసింది.

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. ఎనిమిది నెలల క్రితం, చక్రం తిరగడం మొదలైన కొత్తలో, పిచ్చుక ఒక చిట్కా కనిపెట్టింది. దానికి ముద్దుగా 'చీపురు' అని పేరు. రోజూ తెల్లవారుజామున ఆ చీపురు జాబితాలన్నీ తిరిగి, ఒక్కరికి తప్ప ఇంకెవరికీ లేని ఇష్టాలను ఊడ్చేసేది. ఎవరి తెర మీద వాళ్ళ జాబితా నిక్షేపంగా కనిపిస్తుంది గానీ, వెతికే చోట మాత్రం ఆ మాట ఉండదు. జత లేని మాటకు జత వెతకడం దండగ కదా అనుకుంది. వినడానికి ఎంత బాగుందో చూడండి. స్టాప్‌వాచ్ సారు భుజం తట్టి మెచ్చుకున్నాడు కూడా.

సోమవారం ఎవరో ఒక వింత మాట రాస్తారు. మంగళవారం తెల్లవారేసరికి అది ఊడ్చుకుపోతుంది. గురువారం ఇంకెవరో అదే మాట రాస్తారు. అప్పటికి మొదటిది లేదు. శుక్రవారం ఇదీ పోతుంది. టీ మిగిలింది, నడక మిగిలింది. దీపాల పూలు ఎలా మిగులుతాయి?

అమ్మ వచ్చి రాసినా, రాసిన మర్నాడే తన చీపురే ఊడ్చేసి ఉంటుంది.

మెట్లు ఎలా ఎక్కిందో ఆ పిల్లకే తెలియదు. వెళ్ళి కూర్చుని రాయడం మొదలుపెట్టింది. పాత ప్రోగ్రాము నూట నలభై వరుసలుండేది. కొత్తది పాతిక వరుసల్లో అయిపోయింది. చేతులు వాటంతటవే కదులుతుంటే, కళ్ళ ముందు మాత్రం సొరుగులు ఒక్కొక్కటే లాగుతున్నట్టూ, ఒక్కొక్క దాంట్లోంచీ సన్నటి వెలుతురు వస్తున్నట్టూ ఉంది. కిటికీ బయట తుంపర ఆగిందో లేదో చూసుకోలేదు.

మూడింటికి స్టాప్‌వాచ్ సారును పిలిచింది. "నొక్కండి సార్."

ఆయన మెడలోని గడియారం చేతిలోకి తీసుకుని, ఒక జాబితా తెరిచి నొక్కాడు. నొక్కీ నొక్కగానే తెర మీద పేర్లు వచ్చేశాయి. సారు గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, ఆగిపోయిందేమోనని.

"సగం సెకండు కూడా పట్టలేదేంటమ్మా?"

"ఇంకో సంగతి చెప్పాలి సార్. మీరు తిట్టినా సరే." పిచ్చుక చీపురు కథంతా చెప్పేసింది. ఎక్కడా తనను తాను వెనకేసుకు రాలేదు. "ఊడ్చిందంతా ఒక మూల పోగేసి ఉంచాను సార్, తుడిచెయ్యడానికి చెయ్యి రాక. ఎనిమిది నెలలది. మొత్తం తిరిగి సొరుగుల్లో వేస్తాను. సాయంత్రం దాకా పడుతుంది."

స్టాప్‌వాచ్ సారు గడియారం వైపైనా చూడకుండా నిలబడ్డాడు. ఆయన అంతసేపు కొలవకుండా ఊరుకోవడం ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"నేను కూడా ఒక జాబితా పెట్టాను," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "పాత గడియారాలకు తాళం తిప్పే చప్పుడు ఇష్టమని రాశాను. ఎవ్వరూ దొరకలేదు. ఇంత పనికిమాలిన ఇష్టం నాకొక్కడికే ఉందేమోనని సిగ్గుపడి ఊరుకున్నాను." గడియారం జేబులో వేసుకున్నాడు. "వెయ్యమ్మా. మొత్తం వెయ్యి. అందరికీ కబురు ఒకేసారి వెళ్ళాలి, ఆరింటికి తెరుద్దాం."

పిచ్చుక ముందు తన పదకొండు మాటలనూ చేత్తో సొరుగుల్లో వేసింది. తర్వాత మూల పోగును పాతవాటి నుంచి మొదలుపెట్టి వదిలింది. ఎనిమిది నెలల కిందటి ఇష్టాలు ఒక్కొక్కటే తమ చోటికి పోసాగాయి. ఐదు నిమిషాలాగి, టీ, నడక పక్కనపెట్టి, 'ఎండ' జాబితాతో వెతికింది.

ఒక్క పేరు వచ్చింది. 'ఏడున్నర'.

కలిసినవి పదకొండు. పదకొండుకు పదకొండూ.

పిచ్చుక ఒక్కో మాటనూ వేలితో తాకుతూ చదివింది. దీపాల పూలు, గొడుగు చెరువు, మెట్ల వాన, దొంగ ఆదివారం, అన్నీ ఉన్నాయి. చీపురు మొదలైన వారానికే రాసిన జాబితా అది. రాసిన మర్నాడే ఊడ్చుకుపోయింది. అయినా ఆ మనిషి ఎనిమిది నెలలుగా ప్రతి వారం వచ్చి చూసుకుంటూనే ఉంది. ప్రతి వారం 'మీతో కలిసేవాళ్ళు లేరు' అనే మాటే చదువుకుని వెళ్ళింది. ఆ మాట కూడా పిచ్చుక రాసిందే.

ఆ జాబితాలో ఇంకా మూడు మాటలు మిగిలాయి. మొదటిది 'రెండు జడల బేరం'. చిన్నప్పుడు రెండు జడలు వేయించుకోవాలంటే పిచ్చుక రెండు కథలు అడిగేది, ఒక జడకు ఒకటి. రెండోది 'ముక్కు మీద ఎండ'. మూడోది చదివాక ఆ పిల్లకు తెర కనిపించలేదు. 'పిచ్చుక నిద్ర'.

"అమ్మా," అంది పైకే. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. చూస్తే చూశారు.

పలకరింపు గడిలో మూడే మూడు మాటలు రాసింది. 'నేనే. నీ పిచ్చుకని.' అది ఆరింటికి వెళుతుంది.

ఇంటికి వచ్చేసరికి ఆరు కావొస్తోంది. పిన్ని అప్పుడే వచ్చినట్టుంది. ఆవిడ కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. ఇరవై నాలుగేళ్ళుగా అదే పని, అదే దుకాణం. గుమ్మం పక్కన గొడుగు ఆనించి ఉంది. దాని కింద నీళ్ళు చేరి, వాటిలో కిటికీ తలకిందులుగా వణుకుతోంది. పిచ్చుక ఆ నీళ్ళ దగ్గరే కాసేపు నిలబడింది. ఇల్లంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు నిశ్శబ్దంగా ఉంది.

"చెప్పులు తడి, లోపలికి తేకు," అంది పిన్ని టీ కప్పులు బల్ల మీద పెడుతూ. "ఆ ముఖమేంటే అలా ఉంది? ఏడ్చావా? నవ్వావా?"

"రెండూ. కూర్చో పిన్నీ. నీకో మాట చెప్పాలి."

పిన్ని కూర్చుంది. ఆ ఇంట్లో అమ్మ మాట ఎవరూ ఎత్తరు. చిన్నప్పుడు ఎత్తితే పిన్ని లేచి వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. కొన్నాళ్ళకు పిచ్చుకే అడగడం మానేసింది.

"అమ్మ దొరికింది."

పిన్ని చేతిలోని కప్పు బల్ల మీద పెట్టేసింది.

"మన యాప్‌లో ఉంది పిన్నీ! అమ్మ మాటలన్నీ రాసి పెట్టాను, మూడు నెలలైంది. నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదు. ఇవాళ కలిశాయి. పదకొండుకు పదకొండు! నా నిద్ర కూడా రాసుకుంది చూడు, నన్ను మర్చిపోలేదు. ఇంకో రెండు నిమిషాల్లో నా పలకరింపు వెళ్తుంది. నువ్వు పక్కనుండగానే వెళ్ళాలని పరుగెత్తుకొచ్చాను."

పిన్ని ఆ పిల్ల ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో సంతోషం లేదు. "పిచ్చుకా," అంది నెమ్మదిగా, "ఆ మనిషి పేరేమని ఉంది?"

"ఏడున్నర. అదేం పేరో..."

గోడ గడియారం ఆరు కొట్టింది.

గుమ్మం దగ్గర కొక్కేనికి వేలాడుతున్న పిన్ని సంచిలో ఫోను కూసింది.

ఫోను రెండోసారి గుర్తు చేస్తూ కూసింది. అప్పుడు పిచ్చుకే లేచి వెళ్ళి, సంచిలో చెయ్యి పెట్టి, ఫోను తీసింది. అక్షరాలు బాగా పెద్దవి చేసి పెట్టిన ఆ తెర మీద, తను రాసిన మూడు మాటలూ నిండుగా కనిపించాయి.

నేనే. నీ పిచ్చుకని.

"నువ్వా?" అంది పిచ్చుక. ఆ ఒక్క మాటలో ఏముందో, పిన్ని రెండు చేతులతోనూ ముఖం కప్పుకుంది.

"నేను కూడా వెతికానే. నువ్వు అక్క కోసం వల వేశావు, నేనూ అక్క కోసమే వేశాను. ఒకే ఇంట్లో కూర్చుని." పిన్ని చేతులు దించి తల ఎత్తింది. "నువ్వు రాసిన యాప్ కదా, అక్క ఎక్కడున్నా పట్టుకొచ్చేస్తుందనుకున్నాను. ప్రతి ఆదివారం చూసేదాన్ని. లేరు, లేరు, లేరు. మా పిచ్చుక రాసిన దానికే దొరకలేదంటే అక్క ఇంక లేదేమో అనుకున్నాను. పోయినవారం కూడా అదే అనుకుని ఏడ్చాను."

ఆ మాట వచ్చి సూటిగా పిచ్చుక గుండెలో గుచ్చుకుంది. చీపురు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. కోపమూ వచ్చింది. అమ్మ దొరికిందని మూడు గంటలసేపు నమ్మిన మనసు, ఎవరి మీదైనా సరే కోపం తెచ్చుకోవాలనుకుంది.

"ఇరవై నాలుగేళ్ళు ఒక్క మాట మాట్లాడనిచ్చావా నన్ను? అమ్మ పేరెత్తితే లేచి వెళ్ళిపోయేదానివి. మనమంటే ఇష్టం లేక పోయిందన్నావు. ఇష్టం లేని మనిషి కోసం నువ్వెందుకు వెతికావు? చెప్పు!"

"ఏడున్నర అంటే ఏంటో తెలుసా నీకు?"

"నేనడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి?"

"అదే చెప్తున్నా. అక్క ఎడమ కంటి నంబరు. కుడి కన్ను ఆరు." పిన్ని లేచి బీరువా తెరిచింది. అడుగున, చీరల కింద నుంచి ఒక చిన్న గుడ్డ మూట తీసి బల్ల మీద విప్పింది. గుండ్రటి అద్దాలు, నల్లటి సన్నటి ఫ్రేము. ఒక చెవి కాడకు దారం చుట్టి ఉంది. పిచ్చుక వాటిని వెంటనే గుర్తుపట్టింది. ఆ అద్దాల్లో తన ముఖం రెండుగా కనిపించేది. వెళ్ళిపోయిన మనిషి కళ్ళద్దాలు ఇంట్లో ఎందుకున్నాయి?

"ఆరోజు పోట్లాడుకున్నాం," అంది పిన్ని. "ఎందుకో ఇప్పుడడక్కు. వెళ్ళిపోతానని సంచి సర్దుకుంది. ముఖం కడుక్కోవడానికి వెళ్తూ అద్దాలు తీసి పెట్టింది. నేను తీసి దాచేశాను. అద్దాల్లేకుండా ఎక్కడికి పోతుందిలే, కోపం తగ్గాక ఇద్దామనుకున్నాను. అడిగింది. నేను తీయలేదన్నాను. మళ్ళీ అడగలేదు. గోడ తడుముకుంటూ గుమ్మం దాకా వెళ్ళి, మెట్లు తడుముకుంటూ దిగిపోయింది. ఆ కళ్ళతో వీధి చివర బస్సుందో గోడుందో కూడా తెలియదే. అంత వానలో. ఒక గంటలో వచ్చేస్తుందని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఇంకా కూర్చునే ఉన్నాను."

పిచ్చుక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అందుకే ఆ దుకాణంలో చేరాను. ఎప్పటికైనా ఆ నంబరుతో అద్దాలు చేయించుకోవడానికి రాకపోతుందా అని. ఏడున్నర, ఆరు. అటు ఏడున్నర వస్తే ఇటు ఆరు ఉండేది కాదు. ఇటు ఆరు వస్తే అటు కలిసేది కాదు. ఇన్నేళ్ళలో రెండూ కలిసి ఒక్కసారీ రాలేదు." పిన్ని కళ్ళద్దాలను గుడ్డతో తుడిచింది. వాటి మీద దుమ్ము ఏమీ లేదు. రోజూ తుడుస్తుందని పిచ్చుకకు అప్పుడు తెలిసింది. "నన్ను తిట్టు పిచ్చుకా. నీకు అమ్మను లేకుండా చేసింది నేనే."

తిట్టడానికి ఆ పిల్ల నోరు తెరిచింది. వాన వెలుతురు సన్నగిల్లి, కింద వీధిలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. బల్ల మీది అద్దాల్లోంచి చూస్తే అవి చిన్నచిన్న చుక్కలుగా దూరంగా పోతున్నాయి. పిన్ని తల వంచుకుని కూర్చుంది. నెరిసిన జుట్టు పాయ ఒకటి టీ కప్పులోకి వేలాడుతోంది. పిచ్చుక చెయ్యి చాచి ఆ పాయను తీసి పిన్ని చెవి వెనక పెట్టింది. తిట్టు ఎటు పోయిందో పోయింది.

"చీపురని ఒకటి రాశాను పిన్నీ," అంది. "నీ మాటలన్నీ ఊడ్చేసింది నేనే. ఇంక ఇద్దరం సమానం."

పిన్నికి అర్థం కాలేదు. పిచ్చుక చెప్పబోయింది.

అంతలో బల్ల మీద రెండు ఫోన్లూ ఒక్కసారే కూశాయి.

ఆఫీసులో మూల పోగు ఇంకా సొరుగుల్లో పడుతూనే ఉందన్న సంగతి పిచ్చుక మర్చేపోయింది. ఎనిమిది నెలల కిందటివి అయిపోయి, ఏడు, ఆరు, అలా దిగుతూ ఇప్పుడు ఐదు వారాల కిందటి దాకా వచ్చింది. తన ఫోను తెర మీద కొత్త పేరు. పిన్ని తెర మీదా అదే పేరు.

'మసక'. జాబితాలో ఆరే ఆరు మాటలున్నాయి. 'ఎండ'తో కలిసినవి ఆరు. 'ఏడున్నర'తో కలిసినవి ఆరు. అన్నిటికంటే పైన, దీపాల పూలు.

"నువ్వు ఇంకో జాబితా పెట్టావా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. ఈ ఇంట్లో మూడో మనిషి లేరు.

తెర మీద మూడు చుక్కలు కదిలాయి. ఎవరో రాస్తున్నారు. మధ్యలో ఆపారు. మళ్ళీ రాస్తున్నారు, ఒక్కో అక్షరం తడుముకుంటున్నట్టు. పిన్ని పిచ్చుక మణికట్టు గట్టిగా పట్టుకుంది. గుమ్మం దగ్గర గొడుగు చెరువులో వీధి దీపం ఒకటి గుండ్రంగా విచ్చుకుంది.

రెండు ఫోన్లలోనూ ఒకే మాట వచ్చింది.

'మీ ఇద్దర్లో నా కళ్ళద్దాలు దాచింది ఎవరు?'